కాలు సాపు అవ్వా!

"కాలు సాపు అవ్వా."

"వద్దు బిడ్డా."

"సాపు, ఏం గాదు."

"నువ్వు సదువుకున్నదానివి, సూదులిచ్చేదానివి. నా కాళ్లు ముట్టుకుంటవా? నాకు పాపం తగుల్తది."

మంథనికి కొంత దూరంలో, గోదావరి ఒడ్డునున్న ఒక ఊరి పల్లె దవాఖాన అది. పొద్దున పది దాటింది. బల్ల మీద బీపీ మిషన్, షుగర్ చూసే చిన్న మిషన్, చుట్టూ తెల్ల గోలీల డబ్బాలు. నర్సమ్మ కుర్చీ దిగి చిన్న పీట మీద కూర్చుంది. తన ఒళ్లో పాత తువ్వాల పరిచి, అవ్వ మడమను రెండు చేతులతో పట్టుకుని దాని మీద పెట్టుకుంది. అవ్వ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యాభై ఏళ్లకు పైగా నాట్లేసిన పాదం. మడమ పగుళ్లలో నల్లరేగడి ఎంత కడిగినా పోని గీతలై ఉంది. నర్సమ్మ ఒక్కో వేలినీ విడదీసి చూస్తోంది. చిటికెన వేలి సందు పాసి, తెల్లగా తడితడిగా ఉంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, దూదితో తుడిచింది. తర్వాత అరికాలు వెలుతురుకు తిప్పింది. బొటనవేలి కింద మందంగా ఉన్న చోట చిన్న నల్లచుక్క కనిపించింది. పట్టకారు తెచ్చి మెల్లగా లాగితే అర అంగుళం తుమ్మ ముల్లు వచ్చింది, దాని వెనకే కొంచెం చీము.

"ఎప్పుడు గుచ్చుకున్నదే అవ్వా ఈ ముల్లు?"

"ఏ ముల్లు?" అన్నది అవ్వ.

ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు షుగర్ అంటే గుర్తొచ్చేది తీపి కాదు, ఆ ముల్లే.

ఈ జబ్బు గురించి మనం మాట్లాడేదంతా నాలుక చుట్టే తిరుగుతుంది. చాయ్‌లో చక్కెర మానేశావా, మామిడిపండు తినొచ్చా, అన్నం ఎన్ని పూటలు? పెళ్లికి పోయినా, దినాలకు పోయినా విస్తరి ముందు ఇదే ముచ్చట. నర్సు మాత్రం పాదం నుంచి మొదలుపెడుతుంది. మూడు నెలలకోసారి డాక్టరు దగ్గర పావుగంట కూర్చున్నా, ఏడాది మొత్తానికి అది ఒక్క గంట. ఏడాదికి 8,760 గంటలు. మిగిలిన 8,759 గంటలూ ఈ జబ్బు ఇంట్లో, పొలంలో, బాయి పనిలో, బస్సులో మనిషితో పాటే ఉంటుంది. ఆ గంటల్లో ఏం చేయాలో నేర్పేది, నేర్పింది అబ్బిందో లేదో చూసేది నర్సింగ్. కళ్లతో చూడటం, చేత్తో తాకడం, కడగడం, వేళ తప్పకుండా ఇవ్వడం, చూసింది రాసిపెట్టడం. నర్సింగ్ మొదటి ఏడాది పాఠాలివే. షుగర్ మనిషి ప్రాణం నిలిచేది ఎక్కువసార్లు ఈ మొదటి ఏడాది పాఠాల మీదనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపి 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. ఆ గడప దగ్గర నిలబడ్డవాళ్లు మరో 13.6 కోట్లు. ఇది పట్నం జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అన్న మాట చెల్లే కాలం పోయింది. ఆ దవాఖానలో నేను కూర్చున్న రెండు గంటల్లో వచ్చినవాళ్లలో మిర్చి ఏరే కూలీ ఉన్నది, గొర్లు కాసే ఆయన ఉన్నాడు, బొగ్గుబాయిలో చేసి రిటైరైన ఆయన ఉన్నాడు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చినతను ఉన్నాడు. ఆ దుబాయి మనిషి జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మూడు రంగుల గోలీలు కలిసిపోయి ఉన్నాయి. ఏది పొద్దున వేసుకోవాలో, ఏది రాత్రి వేసుకోవాలో క్యాంపు రూములో అతనికి చెప్పినవాళ్లు లేరు.

వేదం చదివిన ఊరు మంథని. మంత్రపురి అన్న పేరు ఊరికే రాలేదు. మధుమేహం అన్న మాటా ఆ సంస్కృత విద్యలోంచి వచ్చిందే. చరక, సుశ్రుత సంహితలు తేనెలాంటి మూత్రం గురించి, దానికి చీమలు చేరడం గురించి చెప్పాయి. మా చిన్నప్పుడు ఊళ్లో ఒక పెద్దాయన "వాకిట్లో చీమలు పట్టినయి, నాకు చక్కెర బీమారి వచ్చినట్టున్నది" అని తనే తేల్చుకుని కరీంనగర్ దవాఖానకు పోయాడు. పరీక్ష చేస్తే నిజమే. చూసిన దాన్ని పట్టించుకోవడమే వైద్యానికి తొలిమెట్టు అని ఆ పెద్దాయనకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

మొద్దుబారిన పాదం కథ

ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవడం ఎలా జరుగుతుంది? రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు, వాటికి నెత్తురు అందించే సన్నని నాళాలు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు పాదానికి పోయేవి. దెబ్బ ముందుగా వాటికే తగులుతుంది. మొదట తిమ్మిర్లు, రాత్రిళ్లు మంటలు. మంట తగ్గిందని మనిషి సంతోషపడే సమయానికి స్పర్శ కూడా పోయి ఉంటుంది. "దూది మీద నడిచినట్టున్నది సిస్టర్" అని ఇటువైపు పత్తి రైతులు చెప్తారు. ఏ వైద్య పుస్తకమూ అంతకన్నా బాగా చెప్పలేదు.

మొద్దుబారిన పాదం గురించిన ఈ జ్ఞానం మనకు కుష్ఠు రోగుల నుంచి వచ్చిందని చాలామందికి తెలియదు. మన ఉత్తర తెలంగాణలోనే, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠు ఆసుపత్రి కట్టారు. అలాంటి చోట్ల వేళ్లు ఊడిన పాదాలను చూసి, కుష్ఠే మాంసాన్ని తినేస్తుందని అందరూ అనుకునేవారు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఆ పుండ్లను ఏళ్ల తరబడి గమనించాడు. పాదాన్ని పాడుచేస్తున్నది నొప్పి తెలియకపోవడం. రాయి ఒరిసినా, నిప్పు కాల్చినా, మేకు దిగినా నొప్పి లేదు గనుక మనిషి అదే కాలు మీద నడుస్తూనే ఉంటాడు. ఆయన 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక, షుగర్ రోగుల కాళ్లలోనూ అదే కథ చూశాడు. ఒకనాడు ఊరవతల ఉంచిన మనుషుల పాదాలు నేర్పిన పాఠమే ఇవాళ కోట్ల మంది కాళ్లను కాపాడుతోంది.

మళ్లీ మన అవ్వ దగ్గరకు వద్దాం. ముల్లు తీసిన చోట ఉప్పునీళ్ల మందుతో కడిగి, కట్టు కట్టి, చీము ఉన్నది గనుక డాక్టరుకు చూపించాలని చీటీ రాసింది నర్సమ్మ. తర్వాత ఒక పుల్ల తీసింది. దాని చివర నైలాన్ దారం ఉంది. తాకి ఒత్తగానే సరిగ్గా 10 గ్రాముల బరువుకు వంగే దారం. "కండ్లు మూసుకో అవ్వా. తాకినప్పుడల్లా ఆఁ అను." పది చోట్ల తాకింది. అవ్వ మూడుసార్లే ఆఁ అన్నది. తాకని చోట కూడా ఒకసారి అన్నది. నర్సమ్మను నొప్పించకూడదని అన్నట్టుంది.

ఆ తర్వాత చెప్పినవన్నీ చిన్న చిన్న సంగతులు. రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడుక్కోవాలి. నీళ్ల వేడి కాలితో చూడొద్దు, మోచేత్తో చూడాలి, లేదా మనవరాలిని చూడమనాలి. వేళ్ల సందులు పొడిగా తుడవాలి. కొబ్బరినూనె మడమకు రాయొచ్చు, సందుల్లో రాయొద్దు. గోర్లు లోపలికి కోయకుండా అడ్డంగా తీసుకోవాలి. ఆనెకాయను బ్లేడుతో కోసుకోవద్దు, జీడి పెట్టొద్దు. తిమ్మిర్లకు ఇటుక వేడి చేసి కాపడం అస్సలు పెట్టొద్దు. చలికాలం నెగడు దగ్గర కాళ్లు చాపి కూర్చోవద్దు. చెప్పులు వేసుకునే ముందు బోర్లించి దులపాలి. ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగొద్దు.

ఇంట్లో చెప్పులా? అవ్వ నివ్వెరపోయింది. మన ఇళ్లలో ఈ మాట చెప్పడం ఎంత కష్టమో తెలుగువాళ్లకే తెలుస్తుంది. గుడి ముందు, తులసి గద్దె ముందు, వంటింటి గడప ముందు చెప్పులు విడవడం మన ఒంట్లో ఇమిడిపోయిన మర్యాద. 2025 మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. మే ఎండలు, రాళ్ల మెట్లు, సిమెంటు దారులు. స్పర్శ లేని అరికాలు అక్కడ కాలితే బొబ్బ సాయంత్రానికి కంటికి కనిపిస్తుందే గానీ, కాలుతున్నప్పుడు కాలికి తెలియదు. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. మంథని రేవులకూ జనం వస్తారు. షుగర్ ఉన్న పెద్దవాళ్లను వెంట తీసుకుపోయేవాళ్లు నీళ్ల అంచు దాకా వాళ్ల కాళ్లకు చెప్పులు ఉండనివ్వండి. గుడి లోపలికైతే మందమైన నూలు మేజోళ్లు తొడగండి, ఎండ ఎక్కకముందే దర్శనం చేయించండి. దేవుడు ఏమీ అనుకోడు.

ఇరవై గీత

ఇన్సులిన్ పుట్టిన కథ మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండదగ్గది. 1922 జనవరి 11న టొరంటో ఆసుపత్రిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడికి మొదటి సూది వేశారు. అప్పటికి ఎముకల గూడుగా మారిన బిడ్డ. ఆ మందు కనిపెట్టిన బృందం పేటెంటును ఒక్కో డాలరు తీసుకుని విశ్వవిద్యాలయానికి రాసిచ్చేసింది. అందరికీ అందాలన్నది వాళ్ల కోరిక. అందులో ముఖ్యుడు బాంటింగ్ పుట్టినరోజు, నవంబర్ 14నే ప్రపంచ మధుమేహ దినంగా జరుపుకుంటున్నాం.

అంత గొప్ప మందు మా ఇంట్లో ఒక సిరంజీ దగ్గర ఓడిపోయింది. కొన్నేళ్ల కిందటి మాట. మా బాపుకు పొద్దున ఇరవై యూనిట్లు రాశారు. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్రమూత సిరంజీ ఉంటుంది. పెన్నుల్లో వచ్చేది 100 యూనిట్లది. ఆ లెక్కకు కొట్టిన సిరంజీకి నారింజ రంగు మూత. ఒకసారి ఎర్రమూతవి అయిపోతే మందుల షాపులో నారింజ మూతవి ఇచ్చారు. "సిరంజీ సిరంజీయే కదా" అనుకున్నాం. బాపు రోజూ ఇరవై గీత దాకా లాగి, వేసుకుంటూనే ఉన్నాడు. షుగర్ మూడు వందలు దిగలేదు. మేము ఆయన్నే అనుమానించాం. దొంగతనంగా లడ్డూలు తింటున్నాడని అమ్మ అలిగింది. నేను ఫోన్లో గట్టిగా అరిచాను. ఆయన ఏమీ అనలేదు. అన్నం ఇంకా తగ్గించుకున్నాడు.

చివరకు ఒక సిస్టర్ కనిపెట్టింది. ఆమె కాయితాలు అడగలేదు. "బాపూ, మీరు ఇంట్ల ఎట్ల ఏసుకుంటరో నా ముంగట ఏసుకొని చూపెట్టుండ్రి" అన్నది. బాపు సంచిలోంచి సిరంజీ తీయగానే మూత రంగు చూసి ఆగమన్నది. ఆ సిరంజీలో ఇరవై గీత అంటే మిల్లీలీటరులో అయిదో వంతు. నలభై యూనిట్ల సీసాలోంచి అంత లాగితే వచ్చేది ఎనిమిదే యూనిట్లు. ఇరవై కావలసిన మనిషికి ఎనిమిదే పోతున్నాయి. ఇది తిరగబడితే ఇంకా ఘోరం. నూరు యూనిట్ల మందును ఎర్రమూత సిరంజీలో ఇరవై గీత దాకా లాగితే యాభై యూనిట్లు పోతాయి, మనిషి నిద్రలోనే లేవకపోవచ్చు. "చూపెట్టుండ్రి" అన్న ఆ ఒక్క మాట నర్సింగ్ విద్యలో పెద్ద పాఠమని నాకు తర్వాత తెలిసింది. "అర్థమైందా?" అని అడిగితే మనవాళ్లు ఎవరైనా అర్థమైందనే అంటారు. చేసి చూపెట్టమంటేనే నిజం బయటపడుతుంది.

ఆ సిస్టరే బాపు చొక్కా ఎత్తి పొట్ట తడిమింది. రోజూ ఒకే చోట పొడుచుకోవడంతో అక్కడ మెత్తటి గడ్డ కట్టింది. అక్కడ వేసిన ఇన్సులిన్ సరిగా ఒంటికి పట్టదు. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలి, రోజుకో చోట గడియారం ముల్లులా తిప్పుకుంటూ పోవాలని బొమ్మ గీసి ఇచ్చింది. ఆ కాయితం ఇప్పటికీ మా వంటింటి అలమారలో ఉంది.

వార్డుల్లో ఇదే జాగ్రత్త ఇంకో రూపంలో ఉంటుంది. కేస్‌షీటులో యూనిట్ అన్న మాటను పూర్తిగా రాయాలంటారు. ఇంగ్లిషు 'యూ' అక్షరం ఒక్కటే రాస్తే తొందరలో సున్నాలా కనబడి, నాలుగు కాస్తా నలభై అవుతుంది. మందు లాగిన తర్వాత రెండో మనిషి కూడా సిరంజీ చూడాలి. నీళ్లలా ఉన్న ఇన్సులిన్‌నూ పాలలా ఉన్నదాన్నీ కలపాలంటే ముందు నీళ్లలాంటిదే లాగాలి. మామూలు ఇన్సులిన్ ఇచ్చిన అరగంటలో తిండి నోట్లో పడాలి. "సిరంజీ కన్నా ముందు కంచం చూడాలె" అని ఒక పెద్ద సిస్టర్ కొత్త పిల్లలకు చెప్తుంటే విన్నాను. భోజనం బండి ఇంకా రాలేదు, రోగి వాంతులు చేసుకుంటున్నాడు, పరీక్ష కోసం పరగడుపున ఉంచారు, ఇవేవీ చూడకుండా వేళైందని సూది వేస్తే ఆ సూదే ప్రాణం మీదికి తెస్తుంది.

రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు ఇంకో సందేహం వస్తుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసా ఎక్కడ పెట్టాలి? రంజన్ కింద తడి ఇసుక పోస్తాం కదా, సీసాను నీళ్లు దూరని డబ్బాలో పెట్టి ఆ ఇసుకలో దాచమని మా దగ్గరి నర్సులు చెప్తారు. మట్టికుండ చల్లదనం ఇన్సులిన్‌ను కాపాడగలదని వైద్యులూ ఒప్పుకున్నారు. ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఐసు గడ్డకట్టే అరలో పెట్టొద్దు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పారబోయాల్సిందే.

ఎక్కువైతే మెల్లగా చంపే చక్కెర, తగ్గితే గంటలో పని ముగిస్తుంది. 70 కంటే కిందికి పోతే చెమటలు, వణుకు, గుండెదడ, తిక్క మాటలు. మన ఊళ్లలో దీన్ని ఎండదెబ్బ అంటారు, గాలి సోకిందంటారు, తాగిండంటారు. తాగి ఉండొచ్చు కూడా. పరగడుపున కల్లు తాగి షుగర్ గోలీ వేసుకుంటే ముప్పు ఇంకా ఎక్కువ. లివర్ తన దగ్గరున్న చక్కెరను వదలకుండా కల్లు అడ్డుపడుతుంది. శివరాత్రి ఉపవాసమున్నా, ఏకాదశి అయినా, రంజాన్ రోజా అయినా గోలీల లెక్క ముందే మార్చుకోవాలి. పండగకు వారం ముందు "ఒక్కపొద్దు ఉంటవా అమ్మా?" అని అడిగే నర్సు దొరకడం అదృష్టం. చక్కెర పడిపోయినప్పుడు, మెలకువలో ఉన్న మనిషికి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ పరీక్షించాలి. చక్కెర పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

తిండి సంగతి కొంచెమే చెప్తాను, అది చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. జొన్నరొట్టె, మక్క గట్క మన తాతల తిండి, మంచిదే. కానీ "రాగిజావ ఎంతైనా తాగొచ్చు" అన్నది అబద్ధం. జావగా కాచిన ఏ గింజైనా తొందరగా చక్కెరవుతుంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన తెలంగాణ సోనా వరిలో ఆ వేగం మిగతా సన్నబియ్యం కన్నా తక్కువ. అట్లని రెండు మారు అన్నం పెట్టుకుంటే లాభం లేదు. కంచంలో సగం కూరలు ఉండాలి.

ఇక ఆ పల్లె దవాఖాన నర్సమ్మ గురించి. 30 ఏళ్లు నిండిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్షలు చేయాలన్నది జాతీయ కార్యక్రమం. ఆశమ్మ ఇంటింటికీ పోయి నడుము కొలిచి, పొగాకు, మందు, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉన్నదా అని అడిగి మార్కులు వేస్తుంది. నాలుగు దాటితే ముందుగా ఇటు పంపిస్తుంది. నర్సమ్మ పరీక్షించాలి, గోలీలివ్వాలి, రానివాళ్లను వెతకాలి, అంతా ట్యాబ్‌లో ఎక్కించాలి. నేను ఉన్న రెండు గంటల్లో ఆమె పాదాలు పట్టుకున్న సేపు ఎంతో, ట్యాబ్ పట్టుకున్న సేపూ అంతే. అవ్వ కాలు చూడటానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలు నమోదు చేయడానికి ట్యాబ్‌లో గడి కనిపించలేదు. ఒక కాలు మోకాలి కింద తీసేసిన ఇంట్లో ఏం జరుగుతుందో నేను దగ్గరగా చూశాను. కైకిలి పోతుంది, ఇంకో మనిషి పని మానుకుని ఇంట్లో ఉండాలి, ఎడ్లు అమ్ముడవుతాయి. ఆ పన్నెండు నిమిషాలకు ఒక ఇల్లు నిలబడుతుంది. దానికి వేళ ఇవ్వమని, ఊరికి ఇంకొక నర్సునివ్వమని అడగడానికి మనం మొహమాటపడొద్దు.

నెల తర్వాత అవ్వ ఇంటికి పోయాను. పుండు మానింది. మంథనిలో మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎంసీఆర్) చెప్పులు తెచ్చి ఇచ్చారు కొడుకు, కోడలు. అవ్వ వాటిని మూడు రోజులు ముట్టలేదట. "అవి పెద్దరోగం ఉన్నోళ్ల చెప్పులు. ఊళ్లె ఏమనుకుంటరు?" ఆమె చెప్పింది నిజమే. నల్లగా, మందంగా ఉండే ఆ చెప్పులు ఒకప్పుడు కుష్ఠు రోగుల కాళ్లకే కనిపించేవి. నర్సమ్మ ఇంటికి వచ్చి, అవే చెప్పులు తానూ తొడుక్కుని వాకిట్లో రెండు చుట్లు తిరిగి చూపించిందట. అప్పుడు అవ్వ కాలు పెట్టింది.

అయిదో తరగతి చదివే మనవరాలికి రోజూ రాత్రి ఒక పని అప్పజెప్పారు. చిన్న అద్దం అవ్వ అరికాలి కింద పట్టి, సెల్‌ఫోన్ లైటు వేసి, వేలు వేలు చూడాలి. చూసింది రూళ్ల నోటుబుక్కులో రాయాలి. నాకు తెచ్చి చూపించింది. తేదీ, కింద గీత, దాని కింద గుండ్రటి అక్షరాలు. "ఎడమ కాలు. ఏం లేదు. కుడి కాలు. ఏం లేదు." పేజీ తిప్పితే మళ్లీ అదే, ఇరవై ఆరు రోజులుగా. ఒక్క రోజు దగ్గర మాత్రం వేరే ఉంది: "కుడి కాలు చిటికెన వేలు ఎర్రగున్నది. నర్సమ్మకు ఫోన్ చేసినం."